అనాగత దుఃఖము

రాత్రి సుఖంగా నిద్రించిన మనుష్యుడు తెల్లవారి లేచి నోట నీరు పోసుకొనగా, ఆ నీరు పెదవి మూలనుండి జారిపోతుంది. ఒక కన్ను మూతపడదు. నుదుట ఒకవైపు ముడుత నిలువదు. ఆయుర్వేదాచార్యులు దీనిని అర్దితవాతమన్నారు. స్కాట్లండు వైద్యుడైన చార్లెస్ బెల్ ముఖనాడిని గూర్చి 1821లో వివరించినందున నేటి వైద్యులు దీనిని బెల్స్ పాల్సీ అంటున్నారు. చెవి వెనుకనున్న ఎముకలోని ఇరుకు మార్గంలో ఆ నాడి వాచి, ఒత్తిడికి లోనవుతుంది. ఎక్కువమందికి కొన్ని వారాలలోనో నెలలలోనో ముఖం యథాస్థితికి వస్తుంది.

వ్యాధి వెళ్ళిపోతుంది, శంక మిగులుతుంది. నూరుగురిలో సుమారు ఏడుగురికి ఇది మరల రావచ్చును. ఆ ఏడుగురెవరో ముందుగా చెప్పగలవారు లేరు.

రామాయణ పారాయణమే జీవితంగా గడిపిన ఒక వృద్ధుని ఊహించవచ్చు. పెదవులు కలియనిదే మకారం పలుకదు. రామకథను నిరోష్ఠ్యంగా రచించిన మరింగంటి సింగనాచార్యునికి రాముని పేరే వాడరానిదయింది. కవికి అది నియమం, ఈ వృద్ధునికి విధి. రెండు నెలలకు నామం తిరిగి నోటికి వచ్చింది. కాని నాటినుండి పూజామందిరంలో దీపం ప్రక్కన ఒక అద్దం వెలసింది. జపం చేస్తూ ఆయన నామాన్ని వినడంలేదు, పెదవిని వింటున్నాడు. వ్యాధి రెండు నెలలు తీసుకొన్నది. భయం ఆరేండ్లుగా తీసుకొంటున్నది.

రానున్న దుఃఖమే తొలగించుకొనదగినదని పతంజలి యోగసూత్రాలలో ఉన్నది. గడచినది అనుభవించి తీరినది గదా! మరి తప్పక నివారించే ఔషధం లేనిచోట ఆ మాటకు అర్థమేమి? చేయదగినది కొంత ఉన్నది. మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి. మూతి వంకరపోయిన నాడే వైద్యుని చేరాలి. అది మెదడుకు సంబంధించిన పక్షవాతం కాదని తేల్చవలసినవాడు ఆయనే. మందు మూడు రోజులలోపల మొదలైతే మేలు. మూతపడని కంటికి చుక్కలు వేసి, రాత్రివేళ కప్పి కాపాడాలి. ఇవన్నీ ఒకసారి తెలిసికొని ఉంచుకొంటే చాలును. ప్రతి ఉదయం అద్దం ముందు చేయవలసినవి కావు.

ఇది పూర్వపాపఫలమని పలికే బంధువులుంటారు. బదులుగా చిరునవ్వయినా నవ్వలేనివానిపై ఆ మాట మోపడం కంటె నిర్దయ మరొకటి లేదు.

పెదవి కదలని మానసిక జపమే ఉత్తమమని పెద్దలన్నారు. అది నిజమే. కాని పదిమందికి వినిపించేటందుకు పారాయణం చేసేవానికి అది పూర్తి ఓదార్పు కాదు. వృద్ధునికి గొంతెత్తి పలకాలనే ఉన్నది. మరల రానీయవద్దని ఆయన ప్రార్థిస్తాడు, అందులో తప్పులేదు. అద్దాన్ని మాత్రం దీపం దగ్గరనుండి తీసి పెరటి వసారాలోకి మార్చాడు. క్షౌరం చేసుకొనేవేళ పెదవి కొసవంక ఇప్పటికీ ఒక్కక్షణం చూస్తూనే ఉంటాడు.