నడక – చూపు – చిత్రము

‘దర్శనము’ అను మాటకు మన వాఙ్మయమున రెండర్థములు కలవు. కన్నులతో చూచుట మొదటిది. చూచినదాని తత్త్వమును గ్రహించుట రెండవది. న్యాయవైశేషికాదులకు షడ్దర్శనములను పేరు వచ్చినది ఈ రెండవ అర్థమును బట్టియే. కొండకు పోయి వచ్చినవానిని ‘దర్శనమైనదా?’ అని అడుగుదురే గాని ‘చూచితివా?’ అని అడుగరు. చూచుట కన్ను చేయు పని. దర్శనము కావలెనన్నచో కన్ను వెనుక మనస్సు కూడ వచ్చి నిలువవలెను. ఈ భేదమును దృష్టియందుంచుకొని, నేటి గృహస్థులలో పలువురికి అలవాటైన ఒక వినోదమును గూర్చి విచారించుట యుక్తము.

వారములో ఐదారు దినములు కార్యాలయములలోను, దుకాణములలోను కూర్చుండి పనిచేయువారు ఆదివారమునాడు ఊరి వెలుపలికి నడచిపోవుట, పోవుచు మెడలో కెమెరా వ్రేలాడదీసికొని చెట్టును, పక్షిని, పాతగుడిని ఛాయాచిత్రములుగా తీయుట నేడు అంతటను కానవచ్చుచున్నది. కెమెరా లేనివారికి సెల్‌ఫోనే కెమెరా. దీనిని దోషమని ఎవరును అనరు. పేకాటతోను, పనికిమాలిన మాటలతోను గడచు ఆదివారముకంటె ఇది ఎంతయో మేలు. అయినను ధర్మచింతన గల గృహస్థునకు ఒక సందేహము కలుగక మానదు. నడక తెరచిన కన్నును కెమెరా మూయుచున్నదా? భగవంతుని సృష్టిని చూచుటకు పోయినవాడు దానిని చూడకయే పట్టుకొని తిరిగివచ్చుచున్నాడా?

చంద్రగిరి నుండి శ్రీనివాసమంగాపురము మీదుగా శ్రీవారిమెట్టునకు పోవు దారిని ఉదాహరణముగా గైకొనవచ్చును. కారులో పోవువానికి ఈ దారి కొన్ని నిమిషముల పని. నడచువాడు గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోలేడు. ఆ మందగతియే అతని భాగ్యము. మాఘమాసపు ప్రాతఃకాలమున శేషాచలము మొదట మంచులో నీలముగా, పిదప పొద్దెక్కినకొలది శిలల యెఱుపు బయటపడుచు కానవచ్చును. చింతచెట్ల క్రింద రాలిన కాయలుండును. తీగమీద వాలిన పాలపిట్ట ఎగిరినపుడుగాని దాని రెక్కలలోని నీలము తెలియదు. తలయెత్తినంత మాత్రమున ఇవి కనబడవు. కొంతసేపు నిలిచినచో ఒక్కొక్కటిగా వెలువడును. కొండ మొదట చేరిన పిదప 2,388 మెట్లు. అవి ఎక్కువాని ఊపిరియే అతనిని నడుమ నడుమ నిలిపివేయును. నిలిచినవాడు తిరిగి చూచును. తిరిగి చూచుటయే దర్శనమునకు ఆరంభము.

ఇక కెమెరా మాట. ఈ పదమునకు లాటిను భాషలో గది అని అర్థము. చీకటిగదికి చిన్న రంధ్రము చేసినచో వెలుపలి దృశ్యము ఎదుటి గోడమీద తలక్రిందులుగా పడును. ఈ సంగతి పూర్వులకు తెలిసినదే. కాని అట్లు పడిన నీడను నిలుపుట 19వ శతాబ్దిలోగాని సాధ్యము కాలేదు. ఫ్రాన్సు దేశమున నియెప్సు అనునతడు 1826–27 ప్రాంతమున తన ఇంటి కిటికీనుండి కనబడు దృశ్యమును లోహపు పలకపై నిలిపెను. అందులకు అనేక గంటల వెలుగు కావలసివచ్చెను. 1839లో డాగేరు కనుగొన్న పద్ధతి లోకమునకు వెల్లడియైనది. 1858 ప్రాంతమున ట్రైపు అను సైన్యాధికారి తన సామగ్రిని ఎడ్లబండ్లపై వేయించుకొని మధుర, శ్రీరంగము మొదలగు క్షేత్రములలో ఆలయములను చిత్రించెను. హైదరాబాదు నిజాము కొలువున ప్రసిద్ధుడైన రాజా దీనదయాళ్ (1844–1905) గాజుపలకలపై చిత్రములు తీసినవాడు. వీరందరికిని ఒక్కొక్క చిత్రము ఒక్కొక్క వ్రతము వంటిది. ఫిల్ము వచ్చిన పిదప రీలునకు 12 గాని 36 గాని చిత్రములు. అవి ముగిసినచో మరల వెల పెట్టవలెను. కనుక మీట నొక్కుటకు ముందు ‘ఇది తీయదగినదా?’ అని ఎవరైనను ఒక క్షణము ఆలోచించెడివారు. నేడు ఆ లెక్క లేదు. వెయ్యి తీసినను వెల లేదు. వెల లేనిచోట వివేకము నిలుచుట కష్టము.

ఇచట పూర్వపక్షి ఇట్లనును: “కెమెరా పరిగ్రహమునకు పనిముట్టు. కొండను చూచి ఆనందింపక, ‘ఇది నాది కావలెను’ అను బుద్ధి పుట్టించును. కన్ను చూచినది మనస్సున నిలిచిన చాలును, కాగితమున ఏల? భక్తునకు కెమెరా త్యాజ్యము.” ఇందు సత్యము లేకపోలేదు. కాని ఇదే న్యాయమున తాళపత్రమును, లేఖినిని కూడ త్యజింపవలసివచ్చును. విన్నది హృదయమున నిలిచిన చాలునని మన పూర్వులు ఊరకుండలేదు, వ్రాసి మనకిచ్చిరి. కనుక దోషము పనిముట్టునందు లేదు. దానిని పట్టిన చేతియందు, ఆ చేతిని నడపు బుద్ధియందు ఉన్నది.

ఈ బుద్ధి ఎట్లుండవలెనో శ్రీమద్భాగవతమున ఏకాదశస్కంధము తెలుపుచున్నది. శ్రీకృష్ణుడు ఉద్ధవునకు చెప్పిన యదు–అవధూత సంవాదమున, దేశమున సంచరించు అవధూత తాను చూచిన ఇరువది నలుగురిని గురువులుగా ఎంచెను. ఆతని చేత పుస్తకము లేదు. నడచెను, చూచెను, నేర్చెను. నడకయు చూపును కలిసినచో లోకమే పాఠశాల యగుననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఆ గురువులలో మూడు కెమెరా పట్టినవానికి మిక్కిలి ఉపకరించును. మొదటిది మిడుత. అది రూపమునకు వశమై నిప్పున పడి నశించును. అందమైన చిత్రము కొరకు జారుడుబండ అంచున వెనుకకు అడుగువేసి ప్రాణములు పోగొట్టుకొనువారి వార్తలు చదివినపుడు ఈ మిడుతయే స్ఫురించును. రెండవది తేనెటీగ. పువ్వునకు నొప్పి కలుగకుండ కొంచెముకొంచెముగా సారమును గ్రహించుట దానివలన నేర్వదగినది. కూడబెట్టి, కూడబెట్టినదానితోనే నశించుట దానివలన మానదగినది. ఒకే ప్రాణియందు ఒక గుణము, ఒక దోషము రెండును అవధూత చూచెను. మూడవది బాణములు చేయువాడు. తన పనియందు లగ్నమైనవాడు ప్రక్కనుండి పోవు రాజును కూడ ఎఱుగడు. ఒక్క పువ్వుమీద వెలుగు పడు విధమును గమనించుచు కదలక కూర్చున్న చిత్రకారునకు ఈ ఏకాగ్రత కొంత అలవడును. అట్టి సమయమున కెమెరా కన్నును మూయదు. కన్నునకు శిక్షణ నిచ్చును.

ఇపుడొక గృహస్థుని ఊహింతము. అతడు తిరుపతిలో ఉద్యోగి. తల్లి చంద్రగిరి ప్రాంతపు పల్లెలో పుట్టి, వయస్సున నున్నపుడు శ్రీవారిమెట్టునకు నడచిపోయి ప్రతి మెట్టునకు పసుపు కుంకుమలు పెట్టినది. నేడామె మోకాళ్ళు మంచమును దాటనీయవు. కుమారుడొక ఆదివారము ఆ దారిన నడచి, రెండువందల చిత్రములు తీసికొని వచ్చి, తల్లి ప్రక్కన కూర్చుండి వ్రేలితో ఒక్కొక్కటి జరుపుచు చూపెను. ఆమె అన్నియు చూచి, “నాయనా, తోపులో మామిడిపూత వచ్చినదా? వాసన తగిలినదా?” అని అడిగెను. పూత చిత్రములో ఉన్నది. వాసన మాట కుమారునకు జ్ఞాపకము లేదు. “మెట్లకు పసుపు ఎవరైనను పెట్టుచుండిరా?” అని మరల అడిగెను. పెట్టుచున్న స్త్రీ చిత్రము కూడ ఉన్నది. కాని ఆమె ముసలిదో పడుచుదో, ఏమి పాడుచుండెనో అతడెఱుగడు. తెరను చూచెనే గాని ఆమెను చూడలేదు. తల్లి ఏమియు అనలేదు. కాని అతడు దారినంతయు తెచ్చితిననుకొని, దారిని దారియందే విడిచి వచ్చెనని అతనికే తోచెను.

మరుసటి ఆదివారము అతడు కెమెరాను సంచిలో నుంచుకొని నడచెను. తోపువద్ద నిలిచి ఊపిరి పీల్చెను. మెట్లకు పసుపు పెట్టుచున్న వృద్ధురాలికి నమస్కరించి, “అమ్మా, మా అమ్మకు చూపుటకు ఒక చిత్రము తీసికొందునా?” అని అడిగెను. ఆమె కొంగు సవరించుకొని, “మీ అమ్మ పేరేమి నాయనా?” అని అడిగి, ఆ పేరు చెప్పుకొని ఒక మెట్టునకు పసుపు పెట్టినది. ఆనాడతడు తెచ్చినవి పండ్రెండు చిత్రములు. కాని ఆ సాయంకాలము తల్లికి ఆ పండ్రెండింటిని గూర్చి చెప్పుటకే ప్రొద్దు చాలలేదు.

మొదటినాటి చిత్రములు సంగ్రహము, రెండవనాటివి దానము. పరికరమొక్కటే, దారి యొక్కటే, తీసినవాడొక్కడే. మొదటిసారి చూపునకు బదులుగా చిత్రము వచ్చినది. రెండవసారి చూపు పండిన పిదప చిత్రము వచ్చినది. నివేదన కానిది ప్రసాదము కానట్లే, ముందుగా మనస్సునకు నివేదింపబడని దృశ్యము చిత్రమైనను ఒకరికి పంచదగినది కాదు.

దీనిని బట్టి కొన్ని నియమములు తామే ఏర్పడుచున్నవి. మనుష్యుని చిత్రము తీయుటకు ముందు అతని సమ్మతి పొందవలెను. కట్టెలమోపు మోయు పేదరాలి అలసట మరియొకరి వినోదమునకు వస్తువు కారాదు. అడుగక గైకొన్నది స్వల్పమైనను అస్తేయవ్రతమునకు భంగమే. పక్షి గూటికి దగ్గరగా పోరాదు. మనుష్యుడు గూటివద్ద నిలిచినంతసేపు తల్లిపక్షి దూరముగా నుండును; ఆలోపల గ్రుడ్లు చల్లబడవచ్చును, కాకి కనిపెట్టవచ్చును. చిత్రము దక్కును, పిల్ల దక్కదు. శేషాచల వనములు 2010లో జీవావరణ పరిరక్షణ మండలముగా ప్రకటింపబడినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అభయారణ్య ప్రవేశమునకు అనుమతి నీయదగిన కారణములలో ఛాయాచిత్రణమును కూడ పేర్కొన్నది; అనగా చిత్రము తీయువాడును అనుమతి పొందియే పోవలెను. చట్టము చెప్పకపోయినను, ఒకరి యింటికి పోవునపుడు తలుపు తట్టుట మర్యాద. అడవి ప్రాణుల యిల్లు.

నడకయందును ఒక గర్వము కలదు. ‘ఇన్ని కిలోమీటర్లు నడచితిని, ఇన్ని మెట్లెక్కితిని’ అని లెక్కించుకొనుటయు సంగ్రహమే. తిరుమంగై ఆళ్వారు ఎనుబదికి పైగా దివ్యదేశములు తిరిగి సేవించెను. నమ్మాళ్వారు తిరుక్కురుగూరున చింతచెట్టు క్రిందనుండి కదలలేదు. అయినను దివ్యదేశముల పెరుమాళ్ళు ఆయన కన్నులయెదుట సాక్షాత్కరించిరని సంప్రదాయము. ఒకరు నడచి చూచిరి. ఒకరు కూర్చుండి చూచిరి. కాళ్ళు ఆడువానికి నడక సాధనము. మంచమునుండి లేవలేనివారికి బిడ్డ తెచ్చిన ఒక చిత్రము, దానితో వచ్చిన నాలుగు మాటలు సాధనము. సాధనమును సాధ్యమనుకొనుటయే పొరపాటు.

తుదకు ఒక్క సంగతి. ఆ మెట్లన్నియు ఎక్కి ఆనందనిలయము చేరిన యాత్రికునకు ఆలయములోనికి కెమెరా కొనిపోవుటకు వీలులేదు. సెల్‌ఫోనును బయటనే అప్పగించి పోవలెను. గర్భాలయము కూడ ఒక చీకటిగదియే. అచట దీపపు వెలుగున స్వామి కానవచ్చునది కొన్ని క్షణములు మాత్రమే. చిత్రము లేదు, మరల జరిపి చూచుకొనుటకు తెర లేదు. అయినను ఏండ్లక్రిందట నడచివచ్చి చూచిన ఆ రూపమును గూర్చి మంచముపట్టిన ఆ తల్లిని అడిగినచో, తిరునామము మొదలు పాదములవరకు కన్నులు మూసికొని చెప్పగలదు. ఆమె హృదయమను చీకటిగదిలో ఆ వెలుగు ఎట్లు నిలిచినది? త్రోవ పొడవున ఒక్కొక్క మెట్టువద్ద వంగి పసుపు పెట్టుచు ఆమె ఆ గదిని శుభ్రము చేసికొన్నది. కనుకనే నిలిచినది.

ఆదివారమునాడు కెమెరాతో బయలుదేరు గృహస్థుడు దానిని ఇంట విడిచి పోనక్కరలేదు. అది లేకున్నను చూడవలసినదానిని అది యున్నపుడును చూచిన చాలును.