రాతిలో పూచిన తోట



గోడ లేని తోట పశువుల పాలగునని సేద్యము చేయు మనకందరికిని తెలియును. అయితే గోడ దేనిని కాపాడవలెను, దేనిని వెలుపల నుంచవలెను? పరమగీతము 4:12లోని మూయబడిన తోటను గూర్చి చదువునప్పుడెల్ల మాకు ఈ ప్రశ్న కలుగుచున్నది.

డోర్నకల్‌లో అట్టి తోట యొకటి కలదు. అది మట్టిలో పెరిగినది కాదు, శిల్పులు రాతిలో పూయించినది. అదియే ఎపిఫనీ కెథెడ్రల్ దేవాలయము. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు దీనిని కట్టించిరి. 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు, ఇది ప్రతిష్ఠింపబడెను. దీని గుమ్మటములు మసీదును, స్తంభములు గుడి మండపమును తలపించును. లోపల తామర, అరటిపువ్వు, ఉమ్మెత్తపువ్వు చెక్కబడియున్నవి.

“పాతవాటిని విడిచి వచ్చితిమి గదా, గుడిపూలు మన గోడల లోపలికేల?” అని అడుగువారు కలరు. వారిని తేలికగా త్రోసివేయరాదు. అట్లు విడిచి వచ్చుటకై మన పెద్దలలో పలువురు అయినవారిని పోగొట్టుకొనిరి.

అయినను తామరను సృజించినవాడెవడు? పువ్వునందు దోషము లేదు. దానిని ఎవరి పాదములయొద్ద ఉంచుచున్నామన్నదే ప్రశ్న. మత్తయి 2వ అధ్యాయములో తూర్పుదేశపు జ్ఞానులు తమ కలిమినుండియే కానుకలు తెచ్చిరి. బంగారముతోపాటు, శవములకు పూయు చేదైన బోళమును కూడ తెచ్చిరి. అదియు అంగీకరింపబడెను.

ఉమ్మెత్త విషపు మొక్క, మరణమునకు గురుతు. అరటి ఒక్కసారి గెల వేసి చచ్చును. దాని మొదట పిలకలు లేచును. ప్రభువును ఉంచిన సమాధియు ఒక తోటలోనే యుండెను (యోహాను 19:41). మరణమును దాచని తోటలోనే పునరుత్థానము మనకు బోధపడును.

అట్లని అన్నిటిని లోనికి రానీయవచ్చునా? రానీయరాదు. కలుపు తీయనివాడు తోటమాలి కాడు. అయితే పొరుగువారి పువ్వును గోడయొద్ద ఆపి, కులభేదమను కలుపును పీఠము ప్రక్కనే పెంచుకొనుచున్నామేమో! బల్లయొద్ద ఎవరు ముందు, ఎవరు వెనుక అని లెక్కించు సంఘమునకు ఎంత ఎత్తు గోడ యున్నను ఏమి లాభము?

ఈ నెల మన గోడ వెలుపల ఎవరు నిలిచియున్నారో, లోపల ఏది పెరుగుచున్నదో ప్రార్థనతో పరీక్షించుకొందము. ఆమేన్.