ఆకాశపు జాబితా



డిసెంబరు చివరి దినములలో రాత్రి తొమ్మిది గంటల వేళ నంద్యాలలో నిలిచి, ఆళ్లగడ్డ దిక్కునకు మొగము త్రిప్పి, నేలకును నడినెత్తికిని నడుమ సగముకంటె కొంచెము పైకి చూడుడు. కంటికేమియు కానరాదు. కాని అచ్చటనే సుడులు తిరిగిన మహా నక్షత్రమండలమొకటి కలదు. దాని వెలుగు మనను చేరుటకు సుమారు 6 కోట్ల సంవత్సరములు పట్టును. కల్యాణమున బసవేశ్వరుడు అనుభవ మంటపమును నడిపిన పన్నెండవ శతాబ్దము ఆ వెలుగునకు నిన్నటి మాట.

1784లో విలియం హెర్షెల్ దానిని దూరదర్శినిలో చూచి, మసక మేఘములలో ఒకటిగా ఎంచెను. ఆయన తప్పేమియు లేదు, కనబడినంతయే వ్రాసెను. 1888లో డ్రేయర్ అను పండితుడు 7,840 అంశములతో సిద్ధపరచిన ఎన్.జి.సి. జాబితాలో దానికి 1232వ సంఖ్య వచ్చెను. 1966లో ఆర్ప్ కూర్చిన 338 వింత మండలముల సంపుటిలో, ప్రక్కన కనబడు చిన్న మండలముతో కలిపి, అది 41వది.

ఇందు గ్రహింపవలసినదొకటి కలదు. డ్రేయర్ జాబితాలో పెద్దది ముందు, చిన్నది వెనుక అను నియమము లేదు. ఆకాశమున ఏది ముందుగా దక్షిణోత్తర రేఖను దాటునో అదియే ముందు. మహామండలము ప్రక్కనే మసక చుక్క కూర్చుండును. జాతిని, హోదాను చూడక శరణులందరిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిన బసవన్నకు ఈ వరుస కొత్తగా తోచదు.

మన హైదరాబాదులోని నిజామియా వేధశాల వారును ప్రపంచ నక్షత్ర పట్టికలో తమ వంతు కాయకము చేసిరి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల పట్టె వారి పాలికి వచ్చెను. మనము చెప్పుకొనుచున్న మండలము ఉన్నదియు ఆ పట్టెలోనే. ఛాయాచిత్రపు గాజుపలకలపై చుక్క వెంబడి చుక్కగా, ఏండ్ల తరబడి, లక్షలాది నక్షత్రముల స్థానములను కొలిచిరి. అట్లు కొలిచినవారి పేర్లు మనలో ఎందరికి తెలియును?

ఇది చెప్పుటకు కారణమున్నది. కార్తికమున ఒక మఠమున దాసోహమునకు పోయితిని. గోడమీద దాతల పట్టిక. రొక్కమును బట్టి వరుస. మూడవ పేరుగల పెద్దమనిషి తాను రెండవవాడు కావలెనని అలిగి, ప్రసాదము ముట్టక వెడలిపోయెను. తెల్లవారుజాము నుండి గంగాళములు తోమిన అవ్వ పేరు ఆ గోడమీద ఎచ్చటను లేదు. ఆమెను అడిగితిని. “నా పేరెందుకయ్యా, ముందు నువ్వు కూర్చో, అన్నం చల్లారిపోతాది” అనెను.

వచ్చే యేడు ఎవరు ముందు వచ్చిన వారి పేరు ముందు వ్రాయుడని మఠము పెద్దలకు మనవి చేసితిని. అట్లయినచో మొదటి పేరు అవ్వదే యగునని ఒకరు నవ్విరి. ఆలోచింతుమనిరి.