పాడని పిట్టల లెక్క

పక్షుల్ని లెక్కబెట్టేవాళ్ళు నిజానికి చూసేది తక్కువ, వినేది ఎక్కువ. తెల్లవారుజామున ఏటి ఒడ్డున గుర్తు పెట్టుకున్న చోట నిలబడి, ఐదు నిమిషాలో పది నిమిషాలో కదలకుండా, చుట్టూ వినబడిన ప్రతి గొంతూ ఏ పిట్టదో పోల్చుకుని కాగితం మీద రాసుకుంటారు. తర్వాత ఇంకో చోటికి నడుస్తారు. దీన్ని పాయింట్ కౌంట్ అంటారు. పొదల్లో తిరిగే చిన్న పిట్టలు కంటికి అంత సులువుగా దొరకవు కాబట్టి చెవిని నమ్ముకోవడం తప్పదు. గుడ్లు పెట్టే కాలంలో చేసే చాలా లెక్కల్లో ఒక ఊహ దాగి ఉంటుంది. ఒక మగపిట్ట పాడుతోందంటే అక్కడ ఒక జంట కాపురం ఉన్నట్టు! ఆడపిట్టను ఎవరూ చూడలేదు, వినలేదు. ఉందని అనుకున్నారు, అంతే.

ఈ లెక్కలు ఊరికే సరదాకి చేసేవి కావు. పాడైపోయిన ఏటి ఒడ్డుని తిరిగి బాగుచెయ్యాలంటే ఎక్కడ ఏ చెట్టు నాటాలి, ఏ పొద కొట్టాలి, ఏది వదిలెయ్యాలి అని ఈ కాగితాలు చూసే నిర్ణయిస్తారు. అలాంటప్పుడు ఆ కాగితంలోకి ఎవరి గొంతు ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్నది ఒక్క శాస్త్రానికి సంబంధించిన ప్రశ్నేనా, న్యాయానికి సంబంధించింది కూడానా? రెండూనని నా ఉద్దేశం.

ముందే చెప్పాలి, ఈ పద్ధతిని తీసిపారెయ్యాలని నేననడం లేదు. అది సాధించింది చిన్నది కాదు. కాలిఫోర్నియాలో వ్యవసాయం, ఆనకట్టలు కలిసి నదుల ఒడ్డు అడవిని చాలావరకు మింగేశాయి. 2000లో అక్కడి పక్షిశాస్త్రజ్ఞులు, ప్రభుత్వ శాఖలు కలిసి ఏటి ఒడ్డు పక్షుల కోసం ఒక సంరక్షణ ప్రణాళిక తయారుచేశారు. లీస్ట్ బెల్స్ విరియో అనే బూడిదరంగు చిన్న పిట్ట అప్పటికే, 1986లోనే, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కి ఉంది. అది నేలకి మీటరు ఎత్తులో, దట్టమైన పొదల్లో గూడు కడుతుంది. అంటే పెద్ద చెట్లు వరసగా నాటి, ఫోటో దిగి, చేతులు దులుపుకుంటే అది రాదు. కింద చిక్కటి పొద కావాలి. శాన్ వాకీన్ నది ఒడ్డున చెట్లూ పొదలూ కలిపి పెంచిన చోట 2005లో అది గూడు కట్టింది. ఆ లోయలో అరవై ఏళ్ళకి పైగా దాని గూడు చూసినవాళ్ళు లేరు.

మన హరితహారాలు, మొక్కల పండుగలు గుర్తొస్తే ఇది చదువుతున్నప్పుడు నాకు అసూయ కలిగింది. పిట్ట చెప్పింది విని చెట్టు నాటారు. అయితే పిట్టల్లో చెప్పిందెవరు?

పాట మగవాడి సొత్తని 1871లో డార్విన్ రాసిన పుస్తకం దగ్గర్నుంచీ శాస్త్రం నమ్ముతూ వచ్చింది. ఆడపిట్టని ఆకర్షించడానికి మగపిట్ట పాడుతుంది, ఆమె విని ఎంచుకుంటుంది. ఆమె ఎక్కడైనా పాడితే అది వింత, హార్మోన్ల తేడా. 2014లో కరన్ ఓడమ్, ఆమె సహ పరిశోధకులు ప్రపంచవ్యాప్తంగా 323 రకాల పాటపిట్టల సమాచారం వెతికి చూస్తే 229 రకాల్లో, అంటే 71 శాతంలో, ఆడపిట్టలు కూడా పాడుతున్నాయి. అంతేకాదు, ఈ పక్షులన్నిటి తొలి పూర్వీకుల్లో ఆడా మగా రెండూ పాడేవని తేల్చారు. ఆడపిట్ట పాట కొత్తగా వచ్చింది కాదు, కొన్ని జాతుల్లో పోయింది. అలా పోయిన జాతులు ఎక్కువగా యూరప్, ఉత్తర అమెరికాల్లోనే ఉన్నాయి. పరిశోధకులూ ఎక్కువగా అక్కడివాళ్ళే. తమ పెరట్లో విన్నదాన్ని లోకమంతటికీ ధర్మం చేశారు. 2020లో మరో పరిశోధన, ఆడపిట్ట పాట మీద వచ్చిన వ్యాసాలకు మొదటి రచయితలుగా ఆడవాళ్ళు ఎక్కువ శాతం ఉన్నారని చూపించింది. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. మీకూ వెయ్యదనుకుంటాను.

మన కవులు ఇదే తప్పు తిరగేసి చేశారు. మామిడి తోపులో గొంతెత్తి కూసేది మగ కోయిల. ఆడదాని అరుపు వేరు, కిక్ కిక్ మంటూ తెగిపోతుంటుంది. అయినా మనం కోయిలమ్మ అన్నాం, వసంతాన్ని ఆమె గొంతులో పెట్టాం. అక్కడ ఆడపిట్ట పాటని మగవాడికి రాసిచ్చారు, ఇక్కడ మగపిట్ట పాటని ఆడదానికి అలంకారంగా తొడిగారు. రెండు చోట్లా అసలు ఆడపిట్ట ఏం చేస్తోందో కనుక్కున్న పాపాన పోలేదు.

కనుక్కున్న మనిషి ఒకరున్నారు. మార్గరెట్ మోర్స్ నైస్ అమెరికాలోని కొలంబస్ పట్టణంలో ఒలెంటాంజీ నది ఒడ్డున, రెండు వంతెనల మధ్య పొదల్లో 1928 నుంచి ఎనిమిదేళ్ళు సాంగ్ స్పారో అనే ఒక్క పిట్టనే చదివారు. ఐదుగురు పిల్లల్ని కన్న తల్లి, విశ్వవిద్యాలయంలో ఉద్యోగం లేదు. తనని గృహిణిగా పరిచయం చేస్తే ఒప్పుకునేవారు కాదు, తను శిక్షణ పొందిన జంతుశాస్త్రవేత్తనని చెప్పేవారు. ఆమె చేసిన పని చూడండి. పిట్టల కాళ్ళకి రంగురంగుల కడియాలు వేసి, మందలో ఒకటిగా కాక ఏ పిట్టకాపిట్టగా, ఆడవాటినీ మగవాటినీ విడివిడిగా, ఏళ్ళ తరబడి వెంటాడారు. ఆడపిట్టలు కూడా అప్పుడప్పుడు పాడటాన్ని ఆమె రాసిపెట్టారు. తర్వాత ఆర్థిక మాంద్యం కాలంలో ఆ ఒడ్డున పొదలు కొట్టి పేదల కోసం కూరగాయల మళ్ళు వేశారు, పిట్టలు తగ్గిపోయాయి. ఈ చివరి మాట దగ్గర నా మనసు నిలకడగా ఉండదు. ఆకలిగా ఉన్నవాళ్ళు మడి వేసుకోవద్దని ఎవరంటారు?

ఈ ప్రశ్నని పెన్న ఒడ్డుకి తీసుకొస్తాను. నేను తెలుగు పాఠం చెప్పేదాన్ని, శాస్త్రజ్ఞురాలిని కాను. జంతుశాస్త్రం చెప్పే స్నేహితురాలితో కలిసి సెలవు రోజుల్లో తాడిపత్రి దగ్గర ఏట్లోకి వెళ్తుంటాను. ఆమె వింటుంది, నేను రాస్తాను. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరే ఈ నది, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా జిల్లాలో చాలా నెలలు ఇసుకగానే ఉంటుంది. పైన మిడ్ పెన్నార్ ఆనకట్ట ఉంది. ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో ఊటనీళ్ళు, బయట ఏట్లో ఇసుక లారీల చాళ్ళు, బండల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే తెల్లటి పిండి. ఈ రెండిటి మధ్య కంప. పుస్తకాల్లో సర్కారు తుమ్మ అనేది మా వైపు ఉత్త కంపే. ఆ కంపలో పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, దర్జీపిట్టలు, తోక ఎగరేసే నల్లంచి, వానలు పడ్డాక గిజిగాళ్ళు.

గిజిగాడి దగ్గరే లెక్క బోల్తా కొట్టింది. జాషువా గిజిగాడిని బళ్ళో చదువుకున్నవాళ్ళమే మనం. పసుపు తల మగపిట్టలు గుంపుగా అరుస్తూ గూళ్ళు అల్లుతాయి. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి లోపల దూరి చూస్తుంది, నచ్చకపోతే పోతుంది. నచ్చితే అందులో కాపురం పెట్టి, లోపలి పని తాను చూసుకుంటుంది. ఆ మగపిట్ట వెంటనే ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో ఆడపిట్ట కోసం. సలీం అలీ ఈ సంగతి 1931లోనే రాశారు. ఒక గొంతుకి ఒక జంట అనే సూత్రం ఇక్కడ ఎలా నిలుస్తుంది? ఒక మగవాడికి ముగ్గురు ఉండొచ్చు, ఒక్కతీ లేకపోవచ్చు. అరుపులు లెక్కబెడితే మగవాళ్ళ ఆశ ఎంతో తెలుస్తుంది. ఆ ఒడ్డు పిల్లల్ని పెంచడానికి పనికొస్తుందో లేదో తెలిసింది ఆడపిట్టకి. ఆమె తీర్పు మౌనంగా ఉంటుంది.

మేమిలా వాదించుకుంటుంటే కట్టెలు కొట్టుకుంటున్న ఒక అవ్వ దగ్గరికొచ్చింది. "ఏం రాసుకుంటాండారమ్మా?"

"పిట్టల లెక్కవ్వా. మగపిట్ట పాడితే ఒక సంసారం ఉన్నట్టు రాసుకుంటాం."

ఆమె నవ్వింది. "మా ఇంటికొచ్చినోళ్ళూ అంతేలే. వాకిట్లో మగోడు కూచోనుంటే వాని పేరు, వాని పని రాసుకోని పాయిరి. నేను కట్టెలకు పోయింటి."

ఆమె ఇంట్లో ఉండి ఉన్నా పెద్ద తేడా వచ్చేది కాదు. జాతీయ నమూనా సర్వే కోడుల్లో 93 అని ఒకటుంది. ఇంటి పని చేస్తూ, దానితోపాటు కట్టెలు, ఆకుకూరలు, పశువుల మేత ఉచితంగా ఏరుకొచ్చేవాళ్ళకి పడే అంకె అది. ఆ అంకె పడ్డవాళ్ళు శ్రమశక్తి లెక్కలో ఉండరు. నలభై ఏళ్ళుగా పొయ్యి మండించిన మనిషి ఏ పనీ చెయ్యనట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్త్రీని పిట్టతో పోల్చే అలవాటు మన సాహిత్యానికి కొత్త కాదు. పంజరంలో చిలక, రెక్కలు తెగిన పావురం, మనమే బోలెడు రాశాం. నేను పోలుస్తున్నది అవ్వనీ గిజిగాడినీ కాదు. పోలుస్తున్నది రెండు కాగితాల్ని. రెండిట్లోనూ గొంతు వినబడినవాడు మొత్తానికి ప్రతినిధి. వినబడనిది ఉన్నట్టు అనుకుంటారు, లేదా లేనట్టే అనుకుంటారు. రెండు రకాలుగానూ ఆమెని అడిగే శ్రమ తప్పుతుంది. పొరపాటున జరిగే పని కాదిది, సులువు కోసం చేసుకున్న ఏర్పాటు.

మరి అడిగితే ఏమవుతుంది? చిక్కులు పెరుగుతాయి. ఉదాహరణకి కంప. ఇది మన మొక్క కాదు, మధ్య అమెరికా వైపుది. 1870ల చివర్లో మద్రాసు అటవీశాఖ వంటచెరుకు కోసమని విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో, అంటే ఇదే పెన్నకి దిగువన, నాటించింది. అది భూమిలో నీళ్ళు లాగేస్తుంది, వేరే మొక్కని బతకనివ్వదు. పునరుద్ధరణ అనగానే ముందు దాన్ని పీకెయ్యాలంటారు, నిజమే కూడా. కానీ మా కాగితం నిండా ఉన్న పిట్టలు దాంట్లోనే ఉన్నాయి. ఆ ముళ్ళలోకి పిల్లి దూరదు. అమెరికా నైరుతి నదుల మీద టామరిస్క్ అనే పరాయి పొదకి ఇదే కథ జరిగింది. దాన్ని తినడానికి 2001లో పురుగుల్ని వదిలారు. విల్లో ఫ్లైకాచర్ అనే అరుదైన చిన్న పక్షి, విల్లో చెట్లు పోయాక ఆ పొదల్లోనే గూళ్ళు పెట్టుకుంటోంది. చివరికి 2010లో ఆ దేశపు వ్యవసాయశాఖ పురుగులు వదిలే కార్యక్రమాన్ని ఆపేసింది. పురుగులు మాత్రం ఆగలేదు. పరాయిది, స్వదేశీ అనే మాటలు మొక్కల మీద పడ్డప్పుడు కూడా నాకు కొంచెం భయమేస్తుంది. ఇల్లు కోల్పోయినవాళ్ళకి పరాయి పంచే ఇల్లవుతుంది.

పిట్టల లెక్క ఏం ఉందో చెబుతుంది. ఏం ఉండాలో చెప్పదు. అప్పటి చిత్తూరు జిల్లాలోని రిషి వ్యాలీ బడి వాళ్ళు ఎండిన లోయలో చెట్లు పెంచి, 1991లో దాన్ని పక్షుల సంరక్షణ చోటుగా ప్రకటించుకుని, అక్కడి పక్షులూ వాటి ఆవాసాల గురించి 1993లో పుస్తకం తెచ్చారు. గొప్ప పనే. కానీ అది కంచె ఉన్న చోటు, ఏం ఉండాలో నిర్ణయించే మనుషులు ఒక బడి వాళ్ళు. పెన్నకి కంచె లేదు. ఇసుక తోలేవాడిదీ, గొర్రెలు కాసేవాడిదీ, కట్టెలు కొట్టే అవ్వదీ. ఆమె దగ్గర గ్యాసుంది కదా అంటారు. 1999లో దీపం పథకం వచ్చినప్పట్నుంచీ ఈ మాట వింటున్నాను. బండ ఇంట్లో ఉండటం వేరు, అయిపోయిన బండ నింపించుకోవడం వేరు.

అందుకని నా అభిప్రాయం, ఎవరూ అడక్కపోయినా చెబుతాను. కంపని ఒక్కసారిగా ఊడ్చెయ్యకూడదు. ఒక పట్టీ తీసి, అక్కడ కానుగ, నేరేడు, ఏరుమద్ది, కింద ఈతపొదలు పెరిగి పిట్టలు అందులో గూడు పెట్టాకే పక్క పట్టీ తియ్యాలి. గొంతుల్ని కాక గూళ్ళనీ పిల్లల్నీ చూసే లెక్క కావాలి, ఎంత ఆలస్యమైనా సరే. ఏ పట్టీ ముందు తియ్యాలో కట్టెలకి వచ్చేవాళ్ళు చెప్పాలి, ఆ కట్టె వాళ్ళదే కావాలి. ఇది నిదానమైన పని. నిధులిచ్చేవాళ్ళకి మూడేళ్ళలో ఫోటోలు కావాలి కాబట్టి నచ్చదని తెలుసు.

ఇదంతా నా స్నేహితురాలు అవ్వకి వివరిస్తుంటే ఆమె సగం విని, మొన్న వానాకాలం కంప కొట్టే కూలికి పోయిన సంగతి చెప్పింది. గిజిగాడి గూళ్ళున్న పొదలు మూడు కొట్టకుండా వదిలారట. లోపల పిల్లలు అరుస్తున్నాయని ఆడవాళ్ళంతా ఒక మాట మీద నిలబడ్డారు. కూలిచ్చే మనిషి సాయంత్రం కొలత వేసి, వదిలిన జాగాకి డబ్బులు కోసుకున్నాడు.

"ఎంత కోశాడవ్వా?" అన్నాను, పెన్ను పట్టుకుని.

"అది రాసుకుంటావా?" అంది. మోపు మీద ఒక చెయ్యి వేసి, ఎత్తమని నాకు సైగ చేసింది.