ప్రయోగశాలలో సత్యము

ఖతార్ దేశమున నది యొక్కటియు లేదు. అచ్చటి త్రాగునీరు దాదాపు అంతయు సముద్రజలమునుండి ఉప్పును వేరుచేసి తీసినదే. దోహా నగరమున కుళాయి త్రిప్పు ప్రతి బాలునికిని సముద్రముతో సంబంధము కలదు.

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు తగిన ప్రయోగ మొకటి యున్నది. తీరమునుండి తెచ్చిన నీటిని 100 మిల్లీలీటర్లు కొలిచి, మరిగించి, మిగిలిన ఉప్పును తూచుట. మహాసముద్రములందు లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము లుండగా, ఎండవేడిమికి నీరు మిక్కిలిగా ఆవిరియగుటచే ఖతార్ తీరమున అది 40 గ్రాములు దాటును. కాబట్టి పాత్రలో నాలుగు గ్రాములకు పైగా మిగులవలెను.

అయితే అట్లు మిగులదు. నీరు అడుగంటునప్పుడు ఉప్పు చిటపటలాడి బల్లపై చిందును. మూడు గ్రాములే వచ్చిన బాలుడు ప్రక్క పుస్తకమువైపు చూచును, అందు 4.2 అని యుండును. గంట కొట్టు వేళయైనది. అతడేమి వ్రాయవలెను?

ఎవరికిని నష్టము లేని చిన్న అంకెయే కదా యని కొందరందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఆ బాలుడు 4.2 అని వ్రాసినచో సముద్రము మారదు, పైగా అతని అంకె నిజమునకు దగ్గరగనే యుండును. అయినను అతడు చూడనిదానిని చూచితినని వ్రాసినవాడగును. ఇందు పెద్దల తప్పే యెక్కువ. పుస్తకములోని అంకెకు మాత్రమే మార్కులు వేయు ఉపాధ్యాయుడు అబద్ధమునకు బహుమతి నిచ్చుచున్నాడు. "మూడు గ్రాములు, కొంత చిందినది" అని వ్రాసిన పిల్లవానికి పూర్తి మార్కులు దక్కవలెను.

పెద్ద శాస్త్రజ్ఞులకును ఈ చిక్కు తప్పలేదు. ఎలక్ట్రాను ఆవేశమును కొలిచిన మిల్లికన్, 1913 నాటి వ్యాసములో 58 నూనెబిందువుల లెక్కనిచ్చి, 60 దినములలో పరీక్షించినవన్నియు నవియే ననెను. తరువాత ఆయన నోటుపుస్తకములు తెరచినవారికి విడిచిపెట్టిన బిందువులును కనబడినవి. అది వంచనయా, సరిగా కుదరని కొలతలను తీసివేయుటయా యని నేటికిని వాదము కలదు. ఆయన తేల్చిన విలువ మాత్రము నిజమునకు చాల దగ్గరిది.

వ్రాతలోని అంకె యెంత బరువైనదో తోటల సంతతివారికి వేరుగా చెప్పనక్కరలేదు. మారిషస్ చెరకు తోటలలో ఒక దినము పనికి రాని కూలికి రెండు దినముల కూలి కోయు పద్ధతి యుండెను. హాజరుపుస్తకములో గీత గీసిన చేయి కూలివానిది కాదు. అందు వ్రాసినదానిని చదువగలవారును అరుదు. ఒక్క తప్పుగీత వలన ఇంట పొయ్యి వెలుగకపోవచ్చును.

నీతిని ఉపన్యాసముగా చెప్పిన పిల్లలు ఆవులింతురు. బల్లపై చిందిన ఉప్పును మాత్రము వ్రేలితో తాకి చూతురు. ఖతార్ విశ్వవిద్యాలయమువారి 'అల్ బైరఖ్' కార్యక్రమము బడిపిల్లలచేత స్వయముగా పరిశోధన చేయించి 2015లో వైజ్ పురస్కారము పొందినది. ఇంత చిన్న ప్రయోగమునకు అంతటి ప్రయోగశాల యేల?

రెండవసారికి పొయ్యియు నక్కరలేదు. వెడల్పైన పళ్ళెమున నీరుపోసి ఎండలో నుంచిన ఉప్పు చిందదు. కొన్ని దినములు వేచియుండవలెను. తీరపుగాలి తేమను పీల్చిన ఉప్పు ఈసారి కొంచెము ఎక్కువగా తూగవచ్చును; దానినిగూడ పుస్తకములో వ్రాయవలెను.