ఇసుకమీద కూర్చున్న పడవ



ఈ నెల ధ్యానమునకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము మొదటినుండి చివరవరకు చదువుకొనుడి. పౌలు ఎక్కిన ఓడ నేల తగిలి బద్దలైన సంగతి అందులో ఉన్నది. ఆ ఓడలో 276 మంది ఉండిరి. మేము చెప్పబోవు పడవలో అయిదుగురమే ఉంటిమి. అది తుపానులో చిక్కుకొనలేదు, బద్దలు కాలేదు. కాకినాడకు దక్షిణమున కోరంగి మడ అడవుల నడుమ పారు ఒక పాయలో, నిర్మలమైన ఎండలో, ఇసుకమీద కూర్చున్నది. అయినను ఆ దినమును మేము మరువలేకున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము, పాయ అవతలనున్న బెస్తపల్లెలో ప్రభువు బల్ల ఇచ్చుటకు వెళ్లవలసియుండెను. అక్కడ ఒక వృద్ధురాలు చాల దినములుగా మంచముపై ఉండి, బల్లకొరకు కనిపెట్టుచుండెను. పౌర్ణమి వెళ్లి రెండు దినములైనది. ఉదయము పది గంటలకు పోటు నిండినది. అప్పుడే బయలుదేరినయెడల గంటలో పల్లె చేరియుందుము. అయితే రేవు గట్టున టీ త్రాగుచు, సంఘ కమిటీలో ఎవరుండవలెనను వాదములో పడితిమి. పడవవాడు మూడు మారులు వచ్చి పిలిచెను. “అయ్యగారూ, పాటు మొదలైపోయిందండి. నీరు తీసేస్తే తిప్పమీద కూర్చుంటామండి” అనెను. “వచ్చుచున్నాము” అంటిమి గాని లేవలేదు.

ప్రియులారా, పౌలు ఓడ విషయములోను ఇట్లే జరిగెను గదా! మంచి రేవుల దగ్గర పౌలు ముందుగా హెచ్చరించెను. శతాధిపతి పౌలు మాట కంటె ఓడ యజమానుని మాటనే ఎక్కువగా నమ్మెను. ఆ ఓడ మెలితే తీరమున ఇసుక పట్టినది గాని, దాని నాశనము మంచి రేవుల యొద్దనే మొదలైనది. మా పడవయు రేవు గట్టుననే ఇసుక పట్టినదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

పదకొండు దాటిన తరువాత బయలుదేరితిమి. ఆలస్యమైనదని అడ్డదారి పట్టుమంటిమి. “క్రిందటేడు ఈ దారినే వచ్చితిమి గదా” అని మాలో ఒకరనిరి. క్రిందటేటి దారి ఈ యేడు ఉండునా? గోదావరి ప్రతి వరదకు ఒండ్రు తెచ్చి, ఉన్న పాయను పూడ్చి, లేని పాయను తెరచును. ఒకప్పుడు ఓడలు కట్టి దూరదేశములకు పంపిన కోరంగి రేవు నేడేమైనది? 1839వ సంవత్సరపు ఉప్పెన దానిని ఊడ్చివేసిన సంగతి అనేకులెరుగుదురు. కాని ఉప్పెనతోపాటు, ఏటేట నిశ్శబ్దముగా చేరిన ఒండ్రు కూడ ఆ రేవును పూడ్చినది. ఉప్పెనను చూచి అందరు భయపడుదురు. ఒండ్రును చూచి ఎవరును భయపడరు. మన ప్రార్థన జీవితమును పాడుచేయునది కూడ తరచుగా ఈ ఒండ్రే.

ఇంచుమించు పండ్రెండు గంటలకు పడవ అడుగున గరగర మన్నది. అంతలో ఆగిపోయెను. వెంటనే మేమేమి చేసితిమి? ఇంజను జోరు పెంచి ముందుకే తోయుమని కేకలు వేసితిమి. పడవ ముక్కు ఇసుకలోనికి మరింత దిగినది, వెనుక నీరంతయు బురదయైనది. పడవవాడు ఇంజను ఆపి, “ముందుకు కాదండి, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. అందరూ దిగండి, బరువు తగ్గితే తేలుద్ది” అనెను. మోకాలిలోతు నీరు. కాని ఆరాధనకని తెల్లబట్టలు కట్టుకొనియుంటిమి. ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. ఎవరు ముందు దిగుదురా అని ఒక పది నిమిషములు గడిచినవి. ఆ పది నిమిషములలో నీరు ఇంకను తగ్గెను. తరువాత అందరము దిగి త్రోసితిమి గాని అది కదలలేదు.

పోటుమీద నేల తగిలినవాడు కొంచెము ఓర్చుకొన్న చాలును, వచ్చు నీరే వానిని లేపును. పాటుమీద తగిలినవానికి గడియ గడియయు విలువైనది. తప్పు తెలిసిన వెంటనే దిగి, వచ్చిన దారినే వెనుకకు మరలినయెడల తప్పించుకొనును. దీనినే మనము మారుమనస్సు అందుము. ఆ గడియలో మన తెల్లబట్టలే మనకు అడ్డుపడును. “పెద్దవారము, మేమెట్లు బురదలో దిగుదుము? మేమెట్లు క్షమాపణ అడుగుదుము?” అని కూర్చుందుము. ఈలోగా నీరు తీసివేయును.

ఇంకొక సంగతి. నీరు వచ్చినప్పుడు లాగుకొనుటకు లంగరును వెనుకనున్న లోతులో వేయుమంటిమి. మాతో వచ్చిన పడుచువాడు బలముగా విసరెను. లంగరు పోయినది, దానివెంట త్రాడును పోయినది! రెండవ కొన పడవకు కట్టబడలేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో మన నిరీక్షణ ఆత్మకు లంగరువంటిదని చదువుచున్నాము. లంగరు మంచిదే, పట్టు గట్టిదే. త్రాడు కొన మనకు కట్టియున్నదా? ప్రసంగములు విందుము, పాటలు పాడుదుము. ఇంటికి పోయిన తరువాత వాటికిని మనకును ముడి ఉండదు.

నాలుగు గంటలకు పాయ ఎండినట్లైనది. అప్పుడు నీటి క్రింద దాగియున్న దంతయు కనబడెను. మా కుడిప్రక్కన ఇరువది బారల దూరములోనే అసలు కాలువ మెరయుచు పారుచుండెను. పోయిన లంగరును ఇసుకమీద పడియుండెను. పడవవాడు మాత్రము ఊరక కూర్చుండలేదు. ఒడ్డున కొట్టుకొనివచ్చిన ఎండుకర్రలు ఏరి తెచ్చి, కాలువ అంచువెంబడి పాతుచుండెను. ఎందుకని అడిగితిమి. “మనం ఎలాగూ కూర్చున్నామండి. రేపొచ్చేవోడు కూర్చోకూడదు కదండీ” అనెను. ఆ మాటతో మేము సిగ్గుపడితిమి. పేతురు పడబోవునని ప్రభువునకు ముందే తెలియును. అయినను అతడు తిరిగి లేచిన తరువాత తన సహోదరులను స్థిరపరచవలెనని లూకా సువార్త 22వ అధ్యాయములో ఆజ్ఞాపించెను. నీవు త్రాగుడులో పడి లేచితివా? అప్పులో మునిగి తేలితివా? అన్నదమ్ముల పగలో చిక్కి బయటపడితివా? అక్కడ ఒక కర్ర పాతుము. వెనుక వచ్చువాడు తప్పించుకొనును.

సాయంకాలము పోటు మరల వచ్చెను. రాత్రి ఎనిమిది దాటిన తరువాత పడవ అడుగు మెల్లగా ఊగెను, తరువాత తనంతట తానే లేచెను. మధ్యాహ్నము అయిదుగురి బలము కదల్చలేనిదానిని నీరు శబ్దము లేకుండ ఎత్తినది. కృప అనగా ఇట్టిదే. అయితే పడవవాడు ఒక మాట చెప్పెను: పున్నమి పోటు నిండు మీద తిప్ప ఎక్కిన పడవ మరునాడు లేవదు, మరల అంత నీరు అమావాస్యకే రావలెను, పదిహేను దినములు ఎండవలసినదే. మీటింగుల ఉత్సాహములో పైపైకి తేలి, తనకు తగని ఎత్తున నిలిచిన విశ్వాసి జాగ్రత్తగా ఉండవలెను.

పల్లె చేరునప్పటికి ఆ ఇంట దీపము వెలుగుచుండెను, ఏడ్పు వినబడెను. దీపములు పెట్టువేళ ఆ తల్లి ప్రభువునందు నిద్రించెను. ఆమె కుమార్తె మమ్మును నిందింపలేదు. “పొద్దంతా పడవ చప్పుడు వినబడుతుందా అని అడిగిందండి” అని మాత్రము చెప్పెను. ఆ మాట నేటికిని మా చెవులలో ఉన్నది.

ఆ తల్లి రక్షణ మా పడవమీద ఆధారపడలేదు. మేము తేలేకపోయిన బల్లకంటె గొప్ప విందునకు ప్రభువు ఆమెను పిలుచుకొనెనని నమ్ముచున్నాము. అయినను, దేవుని కృప గొప్పదని చెప్పి మా ఆలస్యమును కప్పుకొనలేము. పోయిన పోటు తిరిగి వచ్చును గాని, పోయిన ఆ మధ్యాహ్నము రాదు. మరునాడు ఆ సమాధియొద్ద, కమిటీ విషయమై వాదించుకొన్న ఇద్దరు పెద్దలును ఒకరి చేయి ఒకరు పట్టుకొనిరి. మేము పాతిన మొదటి కర్ర అదే.

ప్రియులారా, మీకొరకు ఎవరైనను పడవ చప్పుడు వినుచున్నారా? మాట్లాడక మానివేసిన సహోదరుడు, చూడబోని రోగి, ఉత్తరము రాని తల్లి ఉన్నారా? నీరు నిండియున్నప్పుడే లేచి బయలుదేరుడి.

ప్రార్థన: ప్రభువా, హెచ్చరిక వినుటకు చెవిని, తప్పు తెలిసినప్పుడు బురదలో దిగుటకు దీనమనస్సును మాకిమ్ము. మేము కూరుకొనిపోయినచోట నీ కృపాజలముతో మమ్మును లేపుము. మా వెనుక వచ్చువారికి మమ్మును గురుతుగా నిలుపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.