ఆశయు, వివేకమును

ఉన్నతిని కోరుట మానవునకు సహజము. ఆ కోరిక నింద్యము కాదు. అయితే వివేకము తోడు లేని కోరిక ఒకప్పుడు దురాశయై మోసగించును, మరియొకప్పుడు నిరాశయై క్రుంగదీయును. విద్యార్థి జీవితమున ఈ సత్యము స్పష్టముగా గోచరించును.

వంగదేశమునందలి ఖరగ్‌పూర్ పట్టణమునకు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి అనేకాంధ్ర కుటుంబములు ఉద్యోగార్థమై వచ్చి స్థిరపడినవి. ఆ పట్టణముననే హిజ్లీ ప్రాంతమున ప్రఖ్యాతమైన ఐ.ఐ.టి. కలదు. రైల్వే కార్మికుని కుమారుడొకడు స్థానిక కళాశాలలో బి.ఎస్‌సి. రెండవ సంవత్సరము చదువుచున్నాడనుకొందము. "ఈ కళాశాలను విడిచి ఆ విద్యాలయమున చేరగలనా?" అను ప్రశ్న వానిని వేధించుట వింత కాదు.

వివేకము చేయవలసిన మొదటి పని ద్వారమెక్కడనున్నదో తెలిసికొనుట. ఇతర కళాశాలలో చదువుచున్నవాడు నడుమనే బదిలీ పొంది అచ్చటి బి.టెక్. తరగతిలో కూర్చుండుటకు వీలులేదు. దానికి మార్గమైన జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్షను పన్నెండవ తరగతి ముగిసిన తరుణమున, వరుసగా రెండు సంవత్సరములలో రెండు పర్యాయములే వ్రాయనిత్తురు. ఆ ద్వారము వానికి మూసికొనిపోయినది. ఈ మాట కఠినమైనను మేలు చేయునదే. మూసిన తలుపును తట్టుట మానినవానికే తెరచిన తలుపు కనబడును. పట్టభద్రులు ఎం.ఎస్‌సి.లో చేరుటకు జామ్ పరీక్షయు, ఇంజనీరింగు చదివినవారు ఎం.టెక్.లో చేరుటకు గేట్ పరీక్షయు కలవు.

రెండవది, తన బలమును తూచుకొనుట. జామ్ పరీక్షలో మూడు గంటలలో 60 ప్రశ్నలకు సమాధానము వ్రాయవలెను. మొత్తము మార్కులు 100. గత సంవత్సరముల ప్రశ్నపత్రములు ఎల్లరకును లభించును. తలుపు మూసికొని, గడియారము ముందుంచుకొని, పుస్తకము తెరువక వ్రాయవలెను. తప్పులకు తగ్గు మార్కులను దాచక లెక్కింపవలెను. వచ్చిన ఫలితమును గత సంవత్సరములలో ప్రవేశము లభించిన కడపటి ర్యాంకులతో పోల్చవలెను. మిత్రుల పొగడ్తగాని, బంధువుల బెదరింపుగాని కొలబద్ద కానేరవు. మొదటి పత్రమున తక్కువ వచ్చినచో అది నేర్వవలసినది ఎంత మిగిలినదో చెప్పును, అంతియే. పరులతో అబద్ధమాడనివాడు సైతము తనతో తాను అబద్ధమాడుకొనును. ఆ మోసమును విడనాడుట సత్యవ్రతమున ముఖ్యాంగము.

మూడవది, ఏల పోదలచెనో విచారించుట. ప్రయోగశాలల కొరకు, ఆచార్యుల కొరకు, శాస్త్రమునందలి ప్రీతిచే కోరినచో ఆ కోరిక శుభము. ప్రస్తుత కళాశాల పేరు చెప్పుటకు సిగ్గుపడి కోరినచో, ఆ సిగ్గు వాని వెంటనే పోయి అచ్చటను మరియొక కారణము వెదకికొనును. హిజ్లీ చరిత్రయే ఇందుకు పాఠము. ఐ.ఐ.టి. పుట్టిన భవనము దేశభక్తులను నిర్బంధించిన శిబిరము. 1931 సెప్టెంబరు 16న అచ్చట జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇరువురు నిర్బంధితులు ప్రాణములు కోల్పోయిరి. 1951లో ఆ గోడల నడుమనే విద్యాలయము వెలసినది. గోడలవే, వానిలో జరుగు కర్మ మారినది. స్థలమునకు గౌరవము తెచ్చునది కర్మయే.

జామ్ పరీక్షాంశములు బి.ఎస్‌సి. స్థాయివే. కావున నేటి పాఠమును శ్రద్ధతో చదువుటయే రేపటి ప్రవేశమునకు సాధన. ఉన్నచోటును తృణీకరించి చేయు సాధన వేరే లేదు. స్థానములు పరిమితములు, సమర్థులలో కొందరు వెలుపల మిగులుట అనివార్యము. అది లెక్కకు సంబంధించినదే కాని మనుష్యుని విలువపై తీర్పు కాదు. ప్రవేశము లభించినను, లభింపకున్నను, ఈ రీతిగా చదివినవానికి శాస్త్రజ్ఞానము దక్కును. తన్ను తానెరిగిన నిబ్బరమును దక్కును. ఆ రెంటిని ఏ పరీక్షయు వానినుండి తీసికొనజాలదు.